నోటబడ్డవాడు నొటోరియస్

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన మంగళవారం మీ జిల్లా ఎడిషన్‌లో మూడో పేజీ అడుగున ఒక చిన్న వార్త వచ్చింది. తిరుపతి బస్టాండులో భక్తుల బ్యాగులు కాజేస్తున్న ఇద్దరిని పట్టుకున్నారని. ఆ పన్నెండు లైన్లలో రెండుసార్లు ‘నొటోరియస్’ అన్నారు. ఒకసారి మనిషిని, ఇంకోసారి ఊరిని. మనిషి సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను రాస్తున్నది ఊరి గురించి. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వేసిన అచ్చుకు నేను ఇంకో కాపీ తీసినట్టవుతుంది. కాపీలు తీయడం నా వృత్తే గానీ, ఇదొక్కటి వద్దు.

నేను చిత్తూరులో కోర్టు ముందు జాబ్ టైపిస్టును. టైపు పరీక్షలు లోయరు, హయ్యరు పాసై 1986లో గోద్రెజ్ మిషన్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు కంప్యూటరు, ప్రింటరు వచ్చాయి, వేపచెట్టు మాత్రం అదే. ఇన్నేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. బెయిలు పిటిషన్ మేం కొడతాం: మా పార్టీకి ఏ పాపం తెలియదు, కక్షతో ఇరికించారు అని. అవతల నుంచి కౌంటర్ వస్తుంది: ఇతగాడు నొటోరియస్ అఫెండర్, వదిలితే సాక్షులను బెదిరిస్తాడు అని. రెండూ అచ్చుపోసిన వాక్యాలే. మిషన్ రోజుల్లో నాలుగో కార్బన్ కాపీకి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయి క్రైమ్ నంబరు కూడా కనపడేది కాదు. ఈ మాటను మాత్రం గుమాస్తాలు చూడకుండానే చదివేవాళ్ళు. ఎప్పుడూ ఉండే చోటే ఉండేది కాబట్టి.

ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి. వకీలు గారు భోజనానికి పోయారు. బెయిలు మీద బయటికొచ్చిన ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. గోడలకు సున్నం కొట్టే పని ఆయనది. చేతులు కడుక్కున్నా గోళ్ళ సందుల్లో తెలుపు పోలేదు. కాగితాల మడత విప్పి, ‘అమ్మా, మా పాప ఇంగ్లీషు కూడబలుక్కుంటుంది. నా పేరు ముందరుండే ఈ మాట దానికి రాలేదంట. ఏందిమ్మా ఇది?’ అని అడిగాడు. నాలుగో తరగతో, ఐదో తరగతో చదివే పిల్ల. అది నా నోటి వంకే చూస్తా నిలబడింది. నాకు వెంటనే మాట రాలేదు. ‘అందరికీ బాగా తెలిసినవాడు అని’ అన్నాను. ఆయన మొహం విచ్చుకుంది. ‘అవునమ్మా, మా పేటలో నా పేరు చెప్తే ఎవురైనా ఇల్లు చూపిస్తారు’ అన్నాడు. పాప ఆ మాటను లోపల్లోపల రెండుసార్లు అనుకుంది. బళ్ళో చెప్పడానికేమో.

ఆ అబద్ధం చాలా కాలం నన్ను గుచ్చింది. తర్వాతెప్పుడో పని లేని వేసవి సెలవుల్లో, మా సీనియర్ వకీలు గారి దగ్గరున్న దిండంత డిక్షనరీ తిరగేస్తే అది అబద్ధం కాదని తేలింది. లాటిన్‌లో ‘నోటుస్’ అంటే తెలిసిన అని. ఆ వేరు నుంచే నొటోరియస్ పుట్టింది. పదహారో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి అందరికీ తెలిసిన అనే అర్థం తప్ప దోషమేమీ లేదు. కాకపోతే జనం దాన్ని మంచివాళ్ళ ముందు పెద్దగా వాడలేదు. నొటోరియస్ దొంగ, నొటోరియస్ తాగుబోతు, నొటోరియస్ మోసగాడు, ఇట్లాగే వాడారు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఈ మాటకు ఇంచుమించు వందేళ్ళు పట్టింది, అంతే తేడా. పదిహేడో శతాబ్దానికి వెనకాల దొంగ అనే మాట లేకపోయినా చెడ్డ అర్థమే తట్టేటట్టు అయిపోయింది.

సివిల్ వైపు మాత్రం ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఒకరి భూమిని ఇంకొకరు పన్నెండేళ్ళు బహిరంగంగా, ఎదిరించి అనుభవిస్తే అడ్వర్స్ పొసెషన్ అని దావా వేస్తారు. ఆ అనుభవాన్ని ఇంగ్లీషు లా పుస్తకాల్లో ‘ఓపెన్ అండ్ నొటోరియస్’ అంటారు. దొంగచాటుగా కాదు, ఊరందరికీ తెలిసేలా అని దాని అర్థం. అంటే ఒకే మాట పొలం పక్కన ఉంటే హక్కు, మనిషి పక్కన ఉంటే మచ్చ.

మన పోలీసు స్టేషన్ల భాష చూడండి. ‘వాడు పెద్ద కేడీ’ అంటాం. పిల్లలను కూడా ముద్దుగా కేడీ అంటాం. అదేదో తెలుగు తిట్టని చాలామంది అనుకుంటారు. పోలీసు రికార్డుల్లో కే.డి. అంటే ‘నోన్ డిప్రిడేటర్’. తెలిసిన దోపిడీగాడు అన్నమాట. ఇక్కడా మొదటి మాట ‘తెలిసిన’ అనే.

తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? ‘పేరుమోసిన డాక్టరు’ అంటే పోయి చూపించుకుంటాం, ‘పేరుమోసిన రౌడీ’ అంటే దారి మళ్ళుతాం. మాట ఒకటే, పక్కనున్నవాడిని బట్టి రంగు మారుస్తుంది. ఘరానా అంటే హిందుస్తానీలో గొప్ప ఇల్లు, వంశం. సంగీతం వాళ్ళు ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడతారు. మన దగ్గరికి వచ్చేసరికి పెద్దమనిషి వేషంలో ఉండే ఘరానా దొంగ, ఘరానా మోసగాడు అయింది. ఆడవాళ్ళ విషయంలో ఆ మాత్రం విశేషణం కూడా అక్కర్లేదు. నేను పెళ్ళయిన కొత్తలో కోర్టు ముందు, అంతమంది మగవాళ్ళ మధ్య బల్ల వేసుకుని కూర్చుంటానంటే మా అత్త ఒకే మాట చెప్పింది: ‘నలుగురి నోళ్ళల్లో పడొద్దు’. మంచిగా పడమనీ చెప్పలేదు, చెడ్డగా పడొద్దనీ చెప్పలేదు. పడొద్దంది. ‘ఆమెకేదో పేరుందంట’ అంటే చాలు, ఏం పేరని ఎవరూ అడగరు. లాటిన్ చదవని మా అత్తకు నొటోరియస్ సంగతి మొత్తం తెలుసు. అందుకే నా దగ్గర టైపు నేర్చుకునే పిల్లలకు ఇప్పటికీ ఇట్లాగే చెప్తాను: నోటబడ్డవాడు నొటోరియస్. స్పెల్లింగుకు పనికిరాదు గానీ అర్థం మాత్రం మర్చిపోరు.

మర్చిపోనివాళ్ళు తక్కువని కూడా ఒప్పుకోవాలి. పోయిన ఏడాది ఒక అబ్బాయి ఉద్యోగానికి అర్జీ కొట్టించుకోవడానికి వచ్చి, ‘మాది నొటోరియస్ కాలేజీ మేడమ్, అదే రాయండి’ అన్నాడు. వద్దు నాయనా అంటే ఫోన్ తీసి చూపించాడు. ‘బాగా పేరున్న’ అని ఉంది, అక్కడితో ఆపాడు. ‘ముఖ్యంగా ఏదైనా చెడుకు’ అనే ముక్క కింది లైన్లో ఉంది. సరే, ఫేమస్ అని పెడదాం అంటే, ‘ఫేమస్ కంటే ఇన్‌ఫేమస్ పెద్దది కదా’ అన్నాడు. వాల్యుబుల్ అంటే విలువైనది, ఇన్‌వాల్యుబుల్ అంటే వెల కట్టలేనంత విలువైనది, ఆ లెక్కన ఇన్‌ఫేమస్ అంటే చాలా ఫేమస్ అయి తీరాలి. లాజిక్‌లో ఏ తప్పూ లేదు. ఇంగ్లీషులోనే ఉంది తప్పు. దాన్ని ఇన్-ఫేమస్ అని పలకరు, ఇన్‌ఫమస్ అంటారనీ, రోమన్ల కాలంలో పరువూ కొన్ని హక్కులూ పోగొట్టుకున్నవాళ్ళకు వేసిన ముద్ర అదనీ, నాటకాలాడేవాళ్ళకు కూడా ఆ ముద్ర ఉండేదనీ చెప్తే నవ్వుకుంటూ పోయాడు. ఆ అర్జీ ఏమైందో.

ఇప్పుడు అసలు విషయం. చెడ్డపేరు గురించి చట్టం ఏమంటుందో మీ విలేకరులకు తెలియంది కాదు, అయినా టైపిస్టు కంటితో చూసింది చెప్తాను. 1872 నాటి సాక్ష్య చట్టంలో 54వ సెక్షన్: ముద్దాయి నడవడి చెడ్డదన్న సంగతి కేసు తేల్చడానికి పనికిరాదు. తాను మంచివాడినని అతనే సాక్ష్యం పెట్టుకుంటే తప్ప. 2024 జులై 1 నుంచి చట్టాల పేర్లు, నంబర్లు మారి నా ఫార్మాట్ల ఫోల్డరంతా తిరగ రాసుకోవాల్సి వచ్చింది గానీ, ఈ నియమం మాత్రం పోలేదు. వినాయక చవితి కథ గుర్తు చేసుకోండి. శమంతకమణి పోయింది, ప్రసేనుడు అడవిలో చచ్చిపడ్డాడు. ద్వారకలో అందరూ కృష్ణుడి వైపే చూశారు. మణి ఒకసారి అడిగి ఉన్నాడు, పైగా చిన్నప్పుడు వెన్న దొంగ. 54వ సెక్షన్ ప్రకారం ఆ వెన్న సంగతి రికార్డులోకి ఎక్కకూడదు. అయినా ఎక్కింది. పాపం, భగవంతుడంతటివాడు గుహలోకి పోయి జాంబవంతుడితో కుస్తీపట్టి మణి తెచ్చి చూపిస్తే గానీ నీలాపనింద పోలేదు.

దీనికి పక్కనే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 110వ సెక్షన్ ఉండేది, ఇప్పుడు కొత్త కోడ్‌లో 129. పదేపదే నేరాలు చేస్తాడనుకునేవాడిని పిలిపించి మంచి నడవడికకు బాండు రాయించుకోవడం. దీనికి మాత్రం ‘జనరల్ రెప్యూట్’ సాక్ష్యంగా చెల్లుతుంది. అంటే ఊళ్ళో అతనికి ఏం పేరుందన్నది. కాబట్టి పేరు ఎందుకూ పనికిరాదని నేను అనడం లేదు. అయితే అక్కడ కూడా నోటీసు ఇస్తారు, విచారణ ఉంటుంది, అవతలివాడు తన మాట చెప్పుకోవచ్చు. మీ మూడో పేజీలో ఆ మూడూ లేవు.

మా అక్కను ఇచ్చింది మీరు నొటోరియస్ అన్న ఊళ్ళో. పండక్కు పోతాను. మగ్గాల చప్పుడుకు తెల్లారి మెలకువ వస్తుంది. చెరకు గానుగ ఆడే రోజుల్లో బెల్లం పాకం వాసన వీధి చివరిదాకా వస్తుంది. అక్క వాళ్ళ వసారాలో తోతాపురి కాయలు గోతాల్లో ఉంటాయి, గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు ఏ ధర ఇస్తారో అని బావ రోజూ తిట్టుకుంటుంటాడు. దొంగతనాలకు పోయే ఇళ్ళు ఆ ఊళ్ళో లేవని నేను చెప్పను. ఉన్నాయి. ఎవరివో ఊరందరికీ తెలుసు, అవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. మిగతా ఊరంతా ఆ వేళ్ళకు చెయ్యి అయిపోయింది.

అక్క మనవడు తిరుపతిలో ఒక ల్యాబ్‌లో పనికి కుదిరాడు. రూమ్ చూసుకున్నాడు. ఇంటావిడకు మూడు వేలు అడ్వాన్స్ ఇచ్చాడు. ఆమె కాఫీ కూడా ఇచ్చిందంట. ‘ఆధార్ జిరాక్స్ ఒకటి ఇవ్వు నాయనా’ అని అడిగి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ముందు వైపు చదివి నవ్వింది. వెనక వైపు అడ్రస్ చదివి లోపలికి పోయింది. బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఆ మూడు వేలే ఉన్నాయి, అవే నోట్లు. ‘మా ఆడబిడ్డ కొడుకు వస్తా ఉన్నాడంట, ఏమనుకోవద్దు’ అంది. కాఫీ గ్లాసు వీడి చేతిలో ఇంకా వేడిగానే ఉందంట. వీడు ఏమీ అనుకోలేదు, ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మం పక్కన పెట్టి వచ్చేశాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, ‘చిన్నవ్వా, ఆధార్‌లో అడ్రస్ మీ ఇంటికి మార్పించుకుంటా, అఫిడవిట్ ఏమన్నా కావాలా?’ అని అడిగాడు. ఇప్పుడు ఎవరైనా ఏ ఊరంటే పక్క ఊరి పేరు చెప్తున్నాడు. ఇరవై రెండేళ్ళు వాడికి.

ఆ ఇంటావిడను నేను తప్పు పట్టను. ఒంటరిగా ఉంటుందంట. ఆమెకు ఆ ఊరి గురించి తెలిసింది ఎక్కడ? మీలాంటి పత్రికల్లోనే. ‘ఆ ఊరి ముఠా’, ‘ఆ ఊరి గ్యాంగ్’, ‘నొటోరియస్ గ్రామం’. మనిషి మీద నింద పడితే కాణిపాకం పోయి, వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసి వస్తాడు. మా చిత్తూరోళ్ళకు దానికి మించిన సుప్రీంకోర్టు లేదు. ఊరు ఎట్లా పోతుంది ప్రమాణానికి?

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టమని ఒకటి చేశారు. కొన్ని కులాల్లో పుడితే చాలు, పుట్టుకతోనే నేరస్తులు. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. మన చిత్తూరు జిల్లా పుట్టిందీ ఆ ఏడే. ఎరుకల వాళ్ళు వేలిముద్రలు వేసి, ఎక్కడికి పోతున్నదీ పోలీసులకు చెప్పి పోవాల్సిన రోజులవి. ఆ పేర్లు గెజిట్‌లో వేయడాన్ని ‘నోటిఫై’ చేయడమనేవాళ్ళు. నోటిఫై, నొటోరియస్ రెండూ ఒక తల్లి బిడ్డలే, అదే ‘నోటుస్’. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. వాళ్ళను డీనోటిఫైడ్ తెగలన్నారు. పేరులో ఆ మాట మాత్రం అట్లాగే మిగిలింది.

ఇంకొకటి. మీ ఎడిషన్‌లో నేను గమనించింది. బ్యాంకులకు కోట్లు ఎగ్గొట్టినవాడిని ‘పారిశ్రామికవేత్త’ అనే రాస్తారు. తమిళనాడులోని జవ్వాదు కొండల నుంచి కూలికి వచ్చి శేషాచలంలో ఎర్రచందనం దుంగ మోసినవాడు మాత్రం మర్నాటికి పేరుమోసిన స్మగ్లర్ అవుతాడు. దుంగ ఎవరిదో ఆ పేరు మాత్రం ఎప్పుడూ ‘తెలియాల్సి ఉంది’. బాగా తెలిసినవాడిని నొటోరియస్ అనాలంటే ముందు ఆయన్ని అనాలి కదా.

నేను మిమ్మల్ని కోరేది పెద్దదేమీ కాదు. పట్టుబడినవాడి ఊరు రాయడం తప్పదంటే రాయండి, దాని ముందు విశేషణం తీసేయండి. పాత కేసులు ఉంటే ‘ఇంతకు ముందు నాలుగు కేసులు, ఒకదాంట్లో శిక్ష పడింది’ అని రాయండి. నొటోరియస్ కంటే ఇది చదివేవాడికి ఎక్కువ చెప్తుంది. కేసు కొట్టేసినప్పుడు అదే పేజీలో రెండు లైన్లు వేయండి. పరువునష్టం సెక్షన్ పాత 499, ఇప్పటి 356, చదివితే అందులో ఒక మాట ఉంది: నిజమే అయినా సరిపోదు, ప్రజల మేలు కోసం రాసింది అయి ఉండాలి. మనుషుల సమూహాన్ని అన్నా పరువునష్టం కావచ్చని కింద వివరణలో ఉంది. ఒక ఊరు అట్లాంటి సమూహం అవుతుందా కాదా అన్నది వకీళ్ళు వాదించుకోవాల్సింది. నా పని టైపు. బెదిరిస్తున్నానని మాత్రం అనుకోకండి.

ఆ సున్నం కొట్టే ఆయన కేసు మూడేళ్ళ తర్వాత కొట్టేశారు. జడ్జిమెంటు సర్టిఫైడ్ కాపీకి అర్జీ కొట్టింది నేనే. నొటోరియస్ అన్న కాగితాలకు కాపీలు అడగక్కర్లేకుండానే వచ్చాయి. నిర్దోషి అన్న కాగితానికి స్టాంపులు అంటించి పన్నెండు రోజులు తిరిగాడు. పాప అప్పటికి హైస్కూలు. ఈసారి దాన్ని తీసుకురాలేదు.

ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. కారణం మా అత్త ఎప్పుడో చెప్పింది.

ఇట్లు,
ఒక జాబ్ టైపిస్టు,
చిత్తూరు.

తా.క.: ఆ వార్తలో మనిషి దగ్గర ‘నొటోరియస్’ అని, ఊరి దగ్గర ‘నటోరియస్’ అని పడింది. ప్రూఫు చూసేవారికి చెప్పగలరు.